ఒక్క జ్ఞాపికకుఁ బెక్కు నిర్దేశములు

గ్రంథమున నొక విషయమునకుఁ బ్రమాణము చూపుటకుఁ గాని, ప్రధానవాక్యమున నిముడని వివరణ మొసఁగుటకుఁ గాని పుట యడుగునఁ జిన్నయక్షరములతో వ్రాయుదానిని అధోజ్ఞాపిక యందురు. దానిని సూచించుటకు వాక్యమున నొక యంకెయో నక్షత్రపు గుర్తో యుంచుట పరిపాటి. ఒక గుర్తునకు నొక జ్ఞాపిక, యొక జ్ఞాపికకు నొక గుర్తు, ఇది సామాన్యధర్మము. అయినను పండ్రెండవ పుటలో నొక శాసనకాలమును గూర్చి విపులముగా జ్ఞాపిక వ్రాసిన పండితునకు నలువదవ పుటలో నా శాసనమే మఱల ప్రసక్తమైనప్పు డేమి చేయవలెను? ఆ మాటలనే తిరిగి వ్రాసినచోఁ బునరుక్తిదోషము, వ్రాయకున్నఁ బ్రమాణలోపము. పాత యంకెనే క్రొత్త తావున నుంచినచోఁ జదువరి యా పుట యడుగున వెదకి, కానక, విసువుఁ జెందును. కంప్యూటరుమీఁద వ్యాసములు వ్రాయువారికి నీ చిక్కు నేఁడు నిత్యానుభవము. యంత్రమే దీనిని గల్పించినదని పలువురు తలంతురు గాని యది నిజము కాదు. యంత్రము పుట్టకమున్నే యీ చిక్కు కలదు; దానికి వెదకఁబడిన ఉపాయములును గలవు.

తాటియాకుల కాలమున నిది మఱియొక రూపమున నుండెను. ఒక ప్రతియందలి పత్రసంఖ్య వేఱొక ప్రతికిఁ జెల్లదు. ఆకు పొడవు, పంక్తుల సంఖ్య, లేఖకుని చేతివ్రాత ప్రతికిఁ బ్రతికి మాఱుచుండును. కావున మన పూర్వవ్యాఖ్యాతలు తావునుబట్టి కాక పేరునుబట్టి నిర్దేశించిరి. మూలమునందలి మొదటి పదమును బ్రతీకముగా నెత్తుకొని వ్యాఖ్య నారంభించుట యిందులకే. కోలాచల మల్లినాథసూరి మూలము లేనిదేదియుఁ దాను వ్రాయనని ప్రతిజ్ఞ చేసినవాఁడు. రఘువంశ కుమారసంభవాది కావ్యములకు నాతఁడు రచించిన వ్యాఖ్యలయందు 'ఇత్యమరః' అను మాట యెన్నిమాఱులు వచ్చునో లెక్కించుట కష్టము. ఆ ముక్కయే యాతని జ్ఞాపిక. కాండవర్గములు చెప్పఁబడవు, శ్లోకసంఖ్య చెప్పఁబడదు. అమరమును గంఠస్థము చేసిన విద్యార్థికి వానితోఁ బనియు లేదు. ఒక్క మూలమును వేయిసారులు నిర్దేశించినను పేరు మాఱదు. నడుమ నొక వాక్యము క్రొత్తగాఁ జేరినను పాత నిర్దేశము చెడదు. దీని లోపము వేఱొకటి. మూలగ్రంథము చదువరికి నోట లేకున్నను, కాలక్రమమున నశించినను, ఆ పేరుమాత్రమే మిగిలి, వెదకుటకు దారి లేకపోవును.

ఒకసారి చెప్పినదానిని మఱలఁ జెప్పకుండుటయందు మన శాస్త్రకారులు చూపిన నేర్పు పాణినీయమునందలి అనువృత్తివలనఁ దెలియును. ఒక సూత్రమునఁ జెప్పఁబడిన పదము తరువాతి సూత్రములకుఁ దానై సాగుచుండును. అధికారపదమును స్వరితస్వరముచే గుర్తింపవలెనని పాణినియే నియమించెను. అయితే మనకుఁ జేరిన సూత్రపాఠమున నా స్వరచిహ్నములు నిలువలేదు. ఏ పదమెంతదూరము సాగును, ఎచ్చట నాఁగును అనునది వృత్తికారులును గురువులును జెప్పినఁగాని తెలియదు. పునరుక్తి తప్పించుటచేఁ గలిగిన లాఘవము చిహ్నముపై నాధారపడియున్నది; చిహ్నము పోవఁగా భారము సంప్రదాయముపైఁ బడినది. నేఁటి వ్యాసకర్త యెదుర్కొను ప్రమాదము నిట్టిదే, కాని యాతనికి వృత్తికారుఁడు దొరకఁడు.

కాగితపు ప్రతులు వ్యాపించిన పిమ్మట త్రిపాఠ మను కూర్పు కానవచ్చును. మూలము నడుమఁ బెద్దయక్షరములతో నుండఁగా వ్యాఖ్య దానికిఁ బైనను గ్రిందను నడచును. ఇరుప్రక్కలఁ గూడ వ్రాసినచో నది పంచపాఠము. పడమటిదేశములందు మధ్యయుగమునఁ దిరిగిన ధర్మశాస్త్ర, మతగ్రంథముల ప్రతులలోను మూలము నడుమనుండి వ్యాఖ్య చుట్టుకొనియుండెడిది. లేఖకుఁడు విడిచిన యక్షరమును అంచున వ్రాసి, చేరవలసిన తావున హంసపాదు నుంచుట మనవారి యాచారము. వాక్యమునందలి తావును దూరముననున్న మాటతోఁ గలుపునది గావున హంసపాదును అధోజ్ఞాపికాంకమునకు దగ్గఱి చుట్టముగా నెన్నవచ్చును. 'ఆదిలోనే హంసపాదు' అను సామెతయందు దానికి నింద వచ్చినది గాని, తప్పును దాఁచక దిద్దిన చిహ్నమునకు నా నింద యంత తగినది కాదు.

అచ్చువచ్చిన పిమ్మటఁ బరిస్థితి మాఱెను. ఒక కూర్పునందలి ప్రతులన్నిటికిని బుటలొక్కటియే. తావునుబట్టి నిర్దేశించుట సాధ్యమయ్యెను. పేరుకన్నఁ దావే ముఖ్యమయ్యెను. 1697లో రాటర్‌డామునఁ బ్రచురింపఁబడిన పియెర్ బేలు చారిత్రకవిమర్శనిఘంటువునఁ బుట పైభాగమున మూలము సన్నని పాయవలె నుండఁగా, క్రిందిభాగమంతయు జ్ఞాపికలే యాక్రమించినవి. వానికిఁ బెద్దయక్షరములు గుర్తులు. ఆ జ్ఞాపికలకు మరల నంచునఁ బ్రమాణములు. జ్ఞాపికకు జ్ఞాపిక కలుగుట యందుఁ జూడనగును.

ఎడ్వర్డ్ గిబ్బన్ రోమక సామ్రాజ్యక్షయచరిత్ర మొదటి సంపుటము 1776లో వెలువడినప్పుడు దాని జ్ఞాపికలన్నియు సంపుటాంతమునఁ గూర్పఁబడెను. తత్త్వవేత్తయు చరిత్రకారుఁడునగు డేవిడ్ హ్యూము ఆ యేఁటనే ప్రచురణకర్త స్ట్రాహనునకు లేఖ వ్రాయుచు, ప్రతిసారియుఁ జదువరి పుస్తకము చివరకుఁ బోవలసివచ్చుటయు, అచ్చట నొక్కొక్కప్పు డొక గ్రంథనామము మాత్రమే కానవచ్చుటయు శ్రమకరమని చెప్పి, ప్రమాణమాత్రములైనవానిని పుట యంచుననో యడుగుననో యుంచుట మేలని సూచించెను. తరువాతి కూర్పులందు జ్ఞాపికలు పుట యడుగునకు దిగివచ్చినవి. లోకుల యొత్తిడికి లోఁబడి యట్లు చేసినందులకుఁ దాను పశ్చాత్తాపపడితినని గిబ్బన్ స్వీయచరిత్రమునఁ జెప్పుకొనెను. హ్యూము మాటయం దొక భేదము గమనింపఁదగినది: ప్రమాణమాత్రమైన జ్ఞాపిక వేఱు, విషయచర్చ గల జ్ఞాపిక వేఱు. ఒక్క జ్ఞాపికనే పలుమాఱులు వాడవలసిన సందర్భమున నీ భేదమే నిర్ణాయకమగును.

చేతితో నక్షరములు కూర్చిన దినములలో గుర్తులను బ్రతిపుటకును గ్రొత్తగా మొదలుపెట్టుట వాడుక. మొదట నక్షత్రము, పిమ్మట బాకు, జంటబాకు, సెక్షను గుర్తు, జంటగీట్లు, పేరా గుర్తు. ఇది యాంగ్లముద్రాపకుల క్రమము. ఇందొక లాభము కలదు. ఒక పుటలోఁ గ్రొత్త జ్ఞాపిక చేరినచో నా పుటయందలి గుర్తులు మాత్రమే మాఱును. తక్కిన గ్రంథము కదలదు. ఒకేపుటలో రెండుతావులకు నొక జ్ఞాపిక కావలసినచో రెంటికిని ఆ నక్షత్రమునే యుంచిరి. చదువరి కన్ను క్రిందికిఁ బోయి తిరిగివచ్చును, సందేహ ముండదు. పట్టికల విషయమున నీ పద్ధతి నేఁటికిని నిలిచియున్నది: పది గళ్లలో నొక్క గుర్తు, పట్టిక క్రింద నొక్క జ్ఞాపిక.

పుటల నతిక్రమించి సంఖ్య లధ్యాయమంతయు వరుసగా సాగుట మొదలైనప్పుడు చిక్కు ముదిరినది. అప్పుడు వచ్చినవే లాటినుభాషనుండి తెచ్చుకొన్న 'ఇబిడెమ్', 'ఆప్. సిట్.' మొదలగు పొట్టిమాటలు. మొదటిదానికి 'అచ్చటనే' యని యర్థము. సంస్కృతమున 'తత్రైవ', తెలుఁగు పరిశోధనగ్రంథములలో 'పైదే'. రెండవదానికి 'చెప్పఁబడిన గ్రంథమున' నని యర్థము. ఈ పొట్టిమాటలు స్థలము మిగిల్చినవి గాని, సత్యమును బొరుగుజ్ఞాపికకుఁ దాకట్టుపెట్టినవి. పదునాలవ జ్ఞాపికలో ఆంధ్రశబ్దచింతామణి పేర్కొని, పదునేనవదానిలో 'పైదే' యని వ్రాసిన గ్రంథకర్త, చిత్తు దిద్దుచు నా రెంటికి నడుమ బాలవ్యాకరణమును దెలుపు జ్ఞాపిక నొకదానిని జేర్చెననుకొందము. 'పైదే' యను మాట కదలలేదు. దాని యర్థము మాఱినది. ఒక వ్యాకరణమునందలి సూత్రము వేఱొక వ్యాకరణమున కంటఁగట్టఁబడినది. అక్షరదోషమైనఁ బ్రూఫు దిద్దువాఁడు పట్టుకొనును. ఈ దోషమునం దక్షరములన్నియు సరిగానే యుండును. మూలముతో సరిచూచినవాఁడే దీనిని గనిపెట్టఁగలఁడు. ఆ పనికిఁ బూనుకొనువారు కొలఁదిమంది. అందుచేతనే చికాగో విశ్వవిద్యాలయమువారి రచనానియమావళి 2017లో వెలువడిన పదునేడవ కూర్పున 'ఇబిడెమ్' వాడుకను దగ్గించి, గ్రంథకర్త పేరును సంక్షిప్తనామమును మఱల వ్రాయుటయే మేలనెను. మల్లినాథుని 'ఇత్యమరః' పద్ధతి యిట్లు వేఱుదారిని దిరిగివచ్చినది.

ఈ చిక్కును దప్పించుకొనుటకు వివిధశాస్త్రములవారు వివిధమార్గములు త్రొక్కిరి. పూనాయందలి భండార్కరు ప్రాచ్యపరిశోధనసంస్థవారు 1919లో నారంభించి 1966లో ముగించిన మహాభారత సంశోధితపాఠమునందు పాఠభేదములన్నియుఁ బుట యడుగుననే యున్నవి. కాని వానికి జ్ఞాపికాంకెలు లేవు. సుక్తంకరు నడపిన పద్ధతిలో శ్లోకసంఖ్యయే నిర్దేశము, మూలపదమే ప్రతీకము. తెలుఁగులిపి ప్రతులకు 'టి' యను నక్షరమును, గ్రంథలిపి ప్రతులకు 'జి' యను నక్షరమును జిహ్నములుగా నిలిచినవి. ప్రతియొక్క తాళపత్రప్రతినిగూర్చిన వివరణ మొక్కసారియే పీఠికలోఁ జెప్పఁబడి, సంపుటములంతట నా చిహ్నముచేతనే యుద్ధరింపఁబడినది. పాఠపరిష్కర్తల కింతకన్న మంచి యుపాయము దొరకుట యరిది.

హార్వర్డు జంతుశాస్త్రజ్ఞుఁడు ఎడ్వర్డ్ లారెన్స్ మార్కు 1881లో నొక జాతి నత్తగుల్లలేని జలగవంటి ప్రాణినిగూర్చి వ్రాసిన వ్యాసమున, గ్రంథకర్త పేరును సంవత్సరమును వాక్యమునందే కుండలీకరణమున నుంచి, పూర్తివివరములను జివరఁ గూర్చెను. గ్రంథకర్త సంవత్సర పద్ధతికి దానిని మొదటి యుదాహరణముగాఁ జెప్పుదురు. 1978లో వాంకూవరు నగరమునఁ గూడిన వైద్యపత్రికాసంపాదకులు మఱియొక త్రోవ నేర్పఱచిరి. ఒక మూలమునకు మొదటిసారి యే సంఖ్య వచ్చెనో, వ్యాసము ముగియువఱకు నా సంఖ్యయే దానిది. మూఁడవ మూలము పదిమాఱులు వచ్చినను పదిమాఱులును మూఁడే. ఇచ్చట సంఖ్య తావునకుఁ గాక మూలమునకుఁ బేరైనది. న్యాయవాదులు మాత్రము కష్టమైన మార్గమునే నమ్ముకొనిరి. 1926లో మొదట వెలువడిన 'బ్లూబుక్' అను నమెరికా న్యాయగ్రంథనియమావళి ననుసరించువారు 'పై అయిదవ జ్ఞాపిక చూడుఁడు' అను రీతి సంఖ్యతో వెనుకకుఁ జూపుదురు. వారి వ్యాసములందు జ్ఞాపికలు నూఱులకొలఁది. మొదట నొకటి చేరినచోఁ దరువాతి సూచనలన్నియుఁ దప్పుచూపును.

కంప్యూటరుపై వ్రాఁతపనికి వర్డ్ ప్రాసెసరు వచ్చిన పిమ్మట సంఖ్యలు దిద్దు శ్రమ తీఱినది. నడుమ జ్ఞాపిక చేర్చినఁ దక్కినవి తమంతటఁ దాము సర్దుకొనును. మైక్రోసాఫ్ట్ వర్డు మొదలగువానియందు జ్ఞాపిక రెండుభాగములుగా నుండును: వాక్యమునందలి గుర్తు, దానికిఁ గట్టఁబడిన వచనము. తెరపైఁ గనఁబడు అంకె యెచ్చటను వ్రాయఁబడియుండదు. గుర్తు వరుసలో నెన్నవదియో లెక్కించి యంత్రము చూపుచుండును. అంకె తావునకుఁ జెందినదేకాని వచనమునకుఁ జెందినది కాదు. ఆ గుర్తును నకలుచేసి వేఱొకచోట నుంచినచో వచనము గూడ నకలై, క్రొత్త యంకెతో రెండవ జ్ఞాపిక పుట్టును. చూచుటకు రెండును నొక్కటే. ఒకదానియందు శాసనకాలమును దిద్దినచో రెండవదానియందుఁ బాతకాలమే నిలుచును. గ్రంథము తన్నుఁదానే ఖండించుకొనును. కొందఱు సాహసించి రెండవచోట అంకెను జేతితో వ్రాసి పంక్తిపై కెత్తుదురు. నాఁటికది సరిపోవును. మఱునాఁడు మొదటి పుటలో నొక జ్ఞాపిక చేరఁగా, నిజమైన అయిదు ఆఱగును; చేతివ్రాఁత అయిదు అయిదుగానే యుండి యన్యజ్ఞాపికను జూపును.

సరియైన యుపాయము 'క్రాస్ రిఫరెన్సు' అనునది. రచయిత మొదటి జ్ఞాపికను యథాప్రకారము చేర్చును. రెండవ తావునఁ గ్రొత్త జ్ఞాపికను జేర్పక, క్రాస్ రిఫరెన్సు పట్టికలో 'ఫుట్‌నోటు' నెన్నుకొని, జ్ఞాపికలలోఁ గావలసినదానిని జూపి, గుర్తువలెనే యుండు రూపమును గోరును. అప్పుడు యంత్రము మొదటి గుర్తుచుట్టు కంటికిఁ గానరాని యొక బుక్‌మార్కును నాటి దానికొక పేరు పెట్టును. రెండవ తావున 'నోట్‌రెఫ్' అను ఫీల్డు నుంచును. ఆ ఫీల్డు అంకెను దలఁచుకొనదు, పేరును దలఁచుకొనును. పేరు గలవాని యంకె యేదో యడిగి తెచ్చి చూపును. ప్రతీకపద్ధతియే యిది, ప్రతీకము మఱుఁగున నున్నది.

దీనియందును జాగరూకత కావలెను. వర్డునందు ఫీల్డులు తమంతటఁ దాము ప్రతిక్షణము దిద్దుకొనవు. పాఠమంతయు నెన్నుకొని ఎఫ్ 9 మీట నొక్కినఁగాని క్రొత్తయంకెలు రావు. ప్రధానపాఠము నెన్నుకొన్నప్పుడు అధోజ్ఞాపికలలోని వచన మందుఁ జేరదు. 'పై అయిదవ జ్ఞాపిక చూడుఁడు' అని జ్ఞాపికయందే వ్రాసినవారు జ్ఞాపికలలోనికిఁ బోయి యా మీటను మఱల నొక్కవలెను. పలువురిట నేమఱుదురు. మొదటి జ్ఞాపికనే తొలఁగించినచో దాని నాశ్రయించిన ఫీల్డులు దిక్కులేనివై, బుక్‌మార్కు లేదని తెలుపు ఆంగ్లవాక్యమును బుట నడుమ నచ్చొత్తును. అది కంటికి వికారమేయైనను, చేతితో వ్రాసిన తప్పు అంకెవలె మోసగించునది కాదు. లిబ్రెఆఫీసు రైటరునందు నిట్టి క్రాస్ రిఫరెన్సే కలదు. అంకెను పంక్తిపై కెత్తుట మాత్రము రచయితయే చేసికొనవలెను.

డొనాల్డ్ నూత్ 1978లో వెలువరించిన 'టెక్' అను నక్షరసంయోజనవిధానముపై లెస్లీ లాంపోర్టు నిర్మించిన 'లేటెక్' నందుఁ బేరు మఱుఁగున నుండదు. జ్ఞాపికయందు రచయితయే తనకు నచ్చిన పేరును 'లేబుల్' గా వ్రాసి, కావలసినచోట్ల నా పేరునే పిలుచును. విచిత్రమేమనఁగా దీని నొకసారి నడపినఁ జాలదు. మొదటిసారి పేర్లన్నియు నొక ప్రక్కఫైలున వ్రాయఁబడును. రెండవసారి వానికిఁ దగిన యంకెలు తావులలోఁ జేరును. మొదటిసారి ముద్రణమున నంకె యుండవలసినచోట రెండు ప్రశ్నార్థకములు కానవచ్చును. తెలియనిదానికిఁ దప్పుటంకె చూపుటకన్న ప్రశ్నార్థకము చూపుట పండితలక్షణమే.

తెరపైఁ జదువు గ్రంథములకుఁ బుటయే లేదు గనుక నడుగును లేదు. 2005 డిసెంబరునందు వికీపీడియాకుఁ జేర్పఁబడిన పద్ధతిలో జ్ఞాపికకుఁ బేరుపెట్టి, ఆ పేరుతో నెన్నిమాఱులైనను బిలువవచ్చును. వచన మొక్కసారియే వ్యాసాంతమున నిలుచును. 2003 డిసెంబరున నారంభమైన తెలుఁగు వికీపీడియాలోని 'మూలాలు' అను భాగమున నిట్టివి పెక్కు కలవు. ఒక జ్ఞాపిక నాలుగుచోట్లఁ బిలువఁబడినచో దానిముందు వెనుకకుఁ బోవు దారులు నాలుగుండును. అచ్చుపుటయందు జ్ఞాపికనుండి వాక్యమునకు మఱలుటకుఁ జదువరి జ్ఞాపకమే దిక్కు. ఇచ్చట జ్ఞాపికయే తన్ను నమ్మియున్న వాక్యము లేవో తెలుపును. ఒక మూలము తప్పని తేలిననాఁడు దానితోఁ గూలు వాక్యములెన్నియో క్షణమున నెఱుఁగనగును. పాఠపరిశోధకుల కిది సామాన్యమైన యుపకారము కాదు.

అయినను యంత్రము తీర్పఁజాలని ప్రశ్నయొకటి మిగిలినది. రెండవసారి వచ్చినది నిజముగా నదే జ్ఞాపికయా? ఒక గ్రంథమే మఱల నుదాహృతమైనను బుట మాఱును. పుట మాఱినచో జ్ఞాపిక వేఱు. అట్టిచోఁ బాత యంకెను మఱల నుంచుట ప్రమాణమును సడలించుటయే. సంక్షిప్తనామముతోఁ గ్రొత్త జ్ఞాపిక వ్రాయుట తగును. చర్చారూపమైన జ్ఞాపిక, శాసనకాలనిర్ణయము వంటిది, మార్పు లేక మఱలఁ గావలసినప్పుడే క్రాస్ రిఫరెన్సునకుఁ జోటు. అప్పుడైనను రెండు గుర్తులు నొక్కపుటలో నున్నచో నంకెను మఱల నుంచిన బాధ లేదు. పుటలు వేఱైనచో జ్ఞాపిక మొదటి గుర్తు వెంటనే పండ్రెండవ పుటలో నుండిపోవును. రెండవ గుర్తు దానిని నలువదవ పుటకుఁ దేలేదు. పైఁగా ముప్పదవ జ్ఞాపిక పిమ్మట నైదవయంకె యాకస్మికముగాఁ గనఁబడఁగా నది ముద్రణదోషమని చదువరి తలంచును. కావున నలువదవ పుటలో నొక స్వతంత్రజ్ఞాపిక నుంచి, 'ఈ శాసనకాలమునకుఁ జూడుఁడు: పై 5వ జ్ఞాపిక, 12వ పుట' అని వ్రాసి, అందలి 5ను, 12ను రెంటిని ఫీల్డులుగాఁ జేర్చుట యుక్తము. పుటసంఖ్యను జేతితో వ్రాసినచో, గ్రంథమున కొక పీఠిక చేరిననాఁడే యది తప్పును.